నాపబండకు పత్రం లేదు

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో రెండు ఖండాలున్నాయి, ఒక గని ఉంది, ఎనిమిది మంది కార్మికుల పని ఉంది, ఒక పెద్దమనిషి పరువుంది, భూగోళం భవిష్యత్తు ఎలాగూ ఉంది. చివర గెలుపోటములు తేలే రోజు కూడా ఉంది. గుండె చిక్కబట్టుకుని చదవండి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. అసలు సంగతి ఇంతే: కర్నూలు బయట ఒక కాలేజీవాళ్లు లైబ్రరీ కడుతుంటే, దాని నేల మీద బండ పరచాలా టైలు పరచాలా అన్న ప్రశ్న మీద నేను ఐదు వారాలు ఉద్యోగం చేశాను. అందులో మూడు వారాలు తప్పుగా చేశాను.

ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా అరవై దాటినవాళ్లు రాస్తారు. నేను ఆ పని నుంచి ముప్పై రెండో ఏటే విరమించాను. శాలువా కప్పలేదు, గడియారం ఇవ్వలేదు. నా కుర్చీ మాత్రం మధ్యాహ్నం భోజనం లోపే ఇంకొకరికి ఇచ్చారు. అయినా ఈ హరిత భవనాల లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లల్ని చూస్తే నాలుగు ముక్కలు చెప్పాలనిపిస్తుంది. మీరంతా భూమిని కాపాడాలని వస్తున్నారు. మంచిదే. ముందు చేతిలో ఉన్న కాగితం చివరిదాకా చదవండి.

రెండువేల ఎనిమిది ప్రాంతం. హైదరాబాదులో మాదొక చిన్న సలహా సంస్థ. కట్టే భవనానికి 'ఇది పర్యావరణానికి మేలు చేసే భవనం' అని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ వేరే ఉంది. దానికి పంపాల్సిన ఫైళ్లు తయారు చేయడం మా పని. మేము ముగ్గురం. నీటిపారుదల శాఖలో రిటైరై వచ్చిన మా సారు, లెక్కలు చూసే ఒక అమ్మాయి, నేను. నాది కడప. రాయలసీమలో పని అనగానే "నువ్వే పో, నీకు ఎండ అలవాటే గదా" అని నన్నే పంపేవారు. ఎండ ఎవరికైనా అలవాటవుతుందని నమ్మేవాళ్లు ఎప్పుడూ ఎండలో ఉండరని నాకు అప్పుడే అర్థమైంది.

కాలేజీ చైర్మన్‌ది కర్నూలు బజారులో మూడు తరాలుగా బట్టల కొట్టు నడిపిన కుటుంబం. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి నాణ్యం చెప్పేసేవాడు. భవనాన్ని అలా నలపడం కుదరదు కాబట్టి మమ్మల్ని పెట్టుకున్నాడు. ప్రారంభోత్సవం నాటికి సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీయాలని ఆయన కోరిక. గోడ ఇంకా లేవకముందే మేకు ఎక్కడ కొట్టాలో చూపించేవాడు.

నేలకు అదే జిల్లాలో దొరికే బేతంచెర్ల నాపబండ అని ముందే అనుకున్నారు. అక్కడ బండలు పాలిష్ పట్టే ఒకాయనకు రెండంతస్తులకూ కలిపి నోటిమాటగా ఆర్డరు ఇచ్చేశారు. ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ టైలు వచ్చి, ఆ చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే తాళాలు వేసుకుంటున్నాయి. ఈ ఆర్డరు నిలిస్తే ఆయన ఫ్యాక్టరీ ఆ ఏడాది నడుస్తుంది. పోతే అదీ తాళమే. ఇది నా ఊహ కాదు. ఆయనే చెప్పాడు, ఎవరినో తిడుతున్నట్టు గట్టిగా.

ఇంతలో బెంగళూరు నుంచి టైళ్ల కంపెనీ ఏజెంటు వచ్చాడు. మే నెలలో టై కట్టుకుని వచ్చాడంటే అతని అంకితభావం మీరే ఊహించుకోండి. చేతిలో ఇరవై ఎనిమిది పేజీల పుస్తకం, అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ.

"ఈపీడీ సార్," అన్నాడు మెల్లగా, పసిబిడ్డను చేతికిస్తున్నట్టు.

ఈపీడీ అంటే పర్యావరణ ప్రకటన పత్రం. ఒక వస్తువు తయారు కావడానికి ఎంత కరెంటు, ఎంత బొగ్గు, ఎన్ని నీళ్లు పోయాయో, గాలిలోకి ఎంత పొగ వెళ్లిందో తయారుచేసినవాళ్లే లెక్కగట్టి, బయటివాళ్ల చేత సరిచూపించి అచ్చువేసే పత్రం. నేను దాని గురించి చదివానే గానీ కళ్లతో చూడటం అదే మొదలు. యూరప్‌లో అచ్చయిన కాగితం. వాసన కూడా బాగుంది. మొదటి నాలుగు పేజీలు శ్రద్ధగా చదివాను, తరువాత రంగుల పటాలు చూశాను, చివర ముద్ర చూశాను. ఆ వారం మీటింగులో చైర్మన్ ముందు నిలబడి, నాలుగు నెలల సర్వీసు ఇచ్చిన ధైర్యంతో తీర్పు చెప్పాను.

"టైలుకు పత్రం ఉంది సార్. నాపబండకు పత్రం లేదు. పత్రం ఉన్నదానికే సర్టిఫికెట్ మార్కులు వస్తాయి."

చైర్మన్ బండల ఆర్డరు ఆపించేశాడు.

మూడో రోజు బండలాయన మా సైటు ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా మీద, మీసం మీద, కనురెప్పల మీద సన్నటి బూడిదరంగు పొడి.

"ఏమప్పా, కడప సారు నువ్వేనా?"

"నేనేనన్నా. కూర్చో."

"కూసునేకి రాలేదు. బండకి పత్రం ల్యాదన్నావంట. మనిషికైతే రేషన్ కార్డు ఉంటాది, ఓటు కార్డు ఉంటాది. బండకి ఏం కార్డు కావాలప్పా? అది పుట్టినప్పుడు రాసుకునేకి యా మున్సిపాలిటీ ఉన్నింది?"

"అట్లాంటిది కాదన్నా. ఎంత కరెంటు వాడి తయారు చేసినారో లెక్క."

"నాకి తెలుసులే. మీ కడప నల్లబండ అమ్ముడుపోవాలని మా బండ మీద పడినావు."

కడప, కర్నూలు బండల మధ్య ఇంత వైరం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో పొయ్యి కింద ఉన్న నల్లబండ తరఫున క్షమాపణ చెప్పి ఆయన్ని కూర్చోబెట్టాను. ఈపీడీ లేకపోయినా సరే, ఆయన వివరాలిస్తే మనమే ఒక లెక్క కట్టి టైలు పక్కన పెట్టి పోల్చవచ్చని చెప్పి ఒక ఫారం ఇచ్చాను. మిషన్లు ఎన్ని, రోజుకు ఎన్ని గంటలు నడుస్తాయి, జనరేటరు ఎంతది, లారీలు ఎన్ని, నీళ్లు ఎన్ని, ఏడాదికి ఎన్ని అడుగుల బండ అమ్ముతారు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని పోయాడు.

వారానికి ఫారం తిరిగొచ్చింది, ముత్యాల్లాంటి దస్తూరీతో. మిషన్లు పన్నెండు. రెండు షిఫ్టులు. పెద్ద డీజిల్ జనరేటరు ఒకటి. పది చక్రాల లారీలు నాలుగు. నీళ్లు ఎన్ని అన్న గడిలో 'కావలసినన్ని' అని ఉంది.

లెక్క వేశాను. రెండోసారి వేశాను. ఆ ఫారం ప్రకారం ఒక్కో బండ పాలిష్ చేయడానికి ఒక సినిమా హాలు ఒక ఆట నడిపేంత కరెంటు కావాలి. యూరప్ టైలు దాని పక్కన సన్యాసిలా ఉంది. నాకు జాలి వేసింది గానీ, అంకెలకు జాలి వేయదు కదా అని ఒక గొప్ప వాక్యం మనసులో అనుకుని, రిపోర్టు టైపు చేసి సారుకు ఇచ్చాను.

సారు చదివి కళ్లద్దాలు తీసి, మా సీమ యాసలోనే అందుకున్నాడు.

"ఏమప్పా, బేతంచెర్ల యాడుందో తెలుసునా?"

"తెలుసు సార్."

"పోయినావా?"

"లేదు సార్."

"యూరప్ పోయినావా?"

"లేదు సార్."

"శానా బాగుండాది. రెండూ చూడకుండానే పోల్చినావు. రేపు మొదటి బస్సుకు పో. యూరప్‌కి తర్వాత పంపిస్తాలే."

యూరప్‌కు ఇప్పటికీ పంపలేదు.

బేతంచెర్లలో దిగి అడుగుతూ పోతే ఆ ఫ్యాక్టరీ దొరకడానికి గంట పట్టింది. ఎందుకంటే నేను పన్నెండు మిషన్ల ఫ్యాక్టరీ కోసం వెతుకుతున్నాను. రేకుల షెడ్డు. రెండు మిషన్లు. ఒకటి తిరుగుతోంది, రెండోదాని మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. బండ మీద నీళ్లు ధారగా పడుతుంటే, తిరిగే రాయి కింద నుంచి బూడిదరంగు బురద కాలువలోకి పోతోంది. అది గోతిలో చేరాక పైన తేరిన నీళ్లనే మళ్లీ తోడి వాడుతున్నారు. 'కావలసినన్ని' అంటే ఇదన్నమాట.

బండలాయన నన్ను చూసి ఎర్రబడ్డాడు. ఆ పొడి కింద ఎర్రబడటం కనిపించదు గానీ మాట తడబడింది.

"చెప్పకుండా వస్తే ఎట్ల సార్? ఎనిమిది మంది పనోళ్లలో సగం మందికి సెలవిచ్చినా ఈ పొద్దు."

"మిగతా పది మిషన్లకు కూడా సెలవా అన్నా?"

ఆయన వీధి వైపు చెయ్యి చూపించాడు.

"ఈ వీధిలో ఉండేటివన్నీ కలిపితే పన్నెండయితాయి. పెద్ద ఆర్డరు వస్తే అందరం పంచుకుంటాం. ఆ లెక్కన నావి గాదా?"

"జనరేటరు?"

"పక్కాయనది. శబ్దం నాకే ఎక్కువ వినిపిస్తాది."

"లారీలు?"

"మా బామ్మర్దివి. ఒగటి నడుస్తాది."

"మరి ఏడాదికి అమ్మే బండ ఇంత తక్కువ రాసినావే?"

అప్పుడు గొంతు తగ్గించాడు. "అది టాక్సోళ్లు చూస్తారు గదప్పా."

అక్కడే రాళ్ల కుప్ప మీద కూర్చుండిపోయాను. మిషన్ల గడి బ్యాంకు మేనేజరు చదువుతాడనుకుని నింపాడు, అమ్మకాల గడి టాక్సు ఆఫీసరు చదువుతాడనుకుని నింపాడు. వీధి మొత్తం కరెంటును ఒక్క షెడ్డు బండకు, అదీ అందులో సగం బండకు పంచి నేను లెక్క తేల్చాను. ఆయన రాసిన రెండు అబద్ధాలూ కలిసి ఆయన గొంతు మీదే కూర్చున్నాయి. వాటికి కంప్యూటరులో గ్రాఫు గీసి రంగు వేసింది నేను.

గని కూడా చూపించాడు. బండ అక్కడ పొరలు పొరలుగా ఉంటుంది. మందుగుండు లేదు. ఇద్దరు మనుషులు గడ్డపారలు పొరల మధ్య పెట్టి ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కారు. పొర మొత్తం అప్పడంలా లేచొచ్చింది. అక్కడ ఖర్చయిన ఇంధనం వాళ్లు పొద్దున తిన్న రాగి సంగటి. దానికి నా ఫారంలో గడి లేదు.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు రాస్తే నీ బండే మేలు. రెండు మిషన్లని రాసియ్యి."

"రాయను."

"ఎందుకు?"

"చైర్మన్‌కి పన్నెండని చెప్పినా. రెండంటే అంత పెద్ద బిల్డింగుకి నువ్వేం ఇస్తావు పోప్పా అంటాడు. చిన్నోనికి ఆర్డరు ఎవురిస్తారు? పెద్దగుంటే పొగ ఎక్కువంటావు నువ్వు. చిన్నగుంటే చేతగాదంటాడు ఆయన. నేను ఎంత ఉండాలో మీరిద్దరూ కూసోని తేల్చి చెప్పండి, అంతే ఉంటా."

 టీ తాగి బస్సెక్కాను.

తిరిగొచ్చి సిగ్గుతో టైళ్ల పుస్తకం మళ్లీ తెరిచాను, ఈసారి మొదటి నుంచి చివరిదాకా. పందొమ్మిదో పేజీలో, రంగుల పటం కింద, చీమతలంత అక్షరాల్లో ఉంది: ఈ అంకెలు ఫలానా దేశంలోని ఫలానా కర్మాగారానికి, అక్కడి కరెంటుకు, అక్కడి రవాణా దూరాలకు సంబంధించినవి, ఆ ప్రాంతం బయట తయారైన సరుకుకు వర్తించవు. అక్కడి కరెంటులో ఎక్కువ పాలు జలవిద్యుత్తు అని ముందు పేజీలోనే చెప్పారు. మరి మాకు వచ్చే టైలు ఎక్కడిది? నమూనా పెట్టె నా బల్ల కిందే ఉంది. మూడు వారాలుగా దాని మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. కాళ్లు తీసి చూస్తే, పెట్టె పక్కన మన దేశంలోనే ఉన్న ఫ్యాక్టరీ చిరునామా స్పష్టంగా ఉంది. అక్కడ కొలిమికీ కరెంటుకూ ఆధారం బొగ్గు.

ఏజెంటుకు ఫోను చేశాను.

"కంపెనీ ఒక్కటే కదండీ," అన్నాడు.

"కరెంటు ఒక్కటేనాండీ?"

"టెక్నాలజీ ఒక్కటేనండీ."

"ఇక్కడి ఫ్యాక్టరీకి వేరే పత్రం ఉందా?"

"ప్రాసెస్‌లో ఉందండీ," అన్నాడు. ప్రాసెస్‌లో ఉంది అంటే లేదు అని అర్థం. ఇది మీరు ఎక్కడైనా రాసిపెట్టుకోవచ్చు.

ఇక నిర్ణయం తేలే రోజు. సర్టిఫికెట్ సంస్థ నుంచి పరిశీలకురాలు ఒకామె వేరే పని మీద నంద్యాల వచ్చి, దారిలో మా సైటు చూస్తానంది. చైర్మన్ అందరినీ పిలిపించాడు. పైకప్పు పడిన కొత్త హాలులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సారు నా పక్కనే కూర్చున్నాడు. ఏజెంటు టైతో వచ్చాడు. బండలాయన మీసం కడుక్కుని వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను.

"మూడు వారాల కింద ఇక్కడే నేను తప్పు చెప్పాను సార్," అని మొదలుపెట్టి పందొమ్మిదో పేజీ చదివాను, పెట్టె మీద చిరునామా చదివాను.

చైర్మన్ పెట్టెలోని టైలును రెండు వేళ్ల మధ్య పట్టి చూశాడు. "అంటే ఏమప్పా, కంచిపట్టు చీటీ తెచ్చి ఎమ్మిగనూరు దుప్పటికి కుట్టినారా?"

"అంతే సార్."

"ఎమ్మిగనూరు దుప్పటి కూడా మంచిదేలే," అని ఏజెంటు వైపు తిరిగాడు. "చీటీ మాత్రం దానిది గాదు."

ఏజెంటు తొణకలేదు. "సార్, మా పత్రం వేరే ప్రాంతానిదే అనుకోండి. బండకు అసలు ఏ పత్రమూ లేదు కదా. ఆయన ఇచ్చిన లెక్కలే మాకంటే అధ్వాన్నంగా ఉన్నాయని విన్నాను."

విన్నాడంటే నేను సైటు ఆఫీసులో గొప్పగా చెప్పుకున్న రిపోర్టు గురించే. అందరూ బండలాయన వైపు చూశారు. నేను నోరు తెరవబోతే సారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు.

బండలాయన లేచాడు. జేబులోంచి ఆ ఫారం నకలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయ్యా, నేను పన్నెండు మిషన్లని చెప్పినా. నాకుండేది రెండు. అందులో ఒగటి అలిగి పండుకోని ఉండాది."

ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాను.

"రెండిటితో ఈ హాలు ఎప్పటికి నింపుతావప్పా?" అన్నాడు చైర్మన్.

"నా ఒగనితో కాదు. కింది అంతస్తు నేనిస్తా. పైది నా పక్క రెండు ఫ్యాక్టరీలోళ్లు ఇస్తారు. ఎవురిది ఎంతనో ఎవురి కరెంటు బిల్లు ఎంతనో వాళ్ల పేర్ల మీదనే రాసిస్తాం. అమ్మకాలు కూడా ఉండేది ఉన్నట్ల రాస్తా." అక్కడ ఆగి, "ఆ కాగితం బయటికి పోదు గదా మేడమ్?" అన్నాడు.

పరిశీలకురాలు అంతదాకా మర్యాదగా వింటూ కూర్చుంది. చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టి అంది, "మీరందరూ ఇంత కష్టపడ్డారు కాబట్టి చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న రూల్ బుక్కులో ఈపీడీకి మార్కు లేదండీ."

నా చేతిలో పందొమ్మిదో పేజీ ఇంకా తెరిచే ఉంది.

"లేదా?" అన్నాను.

"ఇంకా రాలేదు. ముందు ముందు వస్తుందేమో. అది మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఏదో విదేశీ వ్యాసంలో 'త్వరలో' అన్న మాటను 'ఇప్పుడు' అని చదువుకుంది నేనే. వస్తువు దగ్గరి ప్రాంతంలోదైతే మాత్రం మార్కు ఉందని, దానికి సరుకు ఎక్కడ తవ్వారో ఎక్కడ తయారైందో చూపించే లారీ వేబిల్లులు చాలునని ఆమె చెప్పింది. ఆ లెక్కన నా ఐదు వారాల్లో మూడు తప్పు అయితే, మిగతా రెండూ ఎవరూ అడగనివి.

చైర్మన్ మాత్రం ఇదేదీ విననట్టు బండలాయన్నే చూస్తున్నాడు.

"టైలు ఒగటి పగిలిందనుకో, యాడినుంచి తెప్పియ్యాల?" అని ఏజెంటును అడిగాడు.

"ఆర్డరు పెట్టుకుంటే ఆరు వారాల్లో..."

"నీ బండ పగిల్తే?"

"పొద్దున ఫోను చేస్తే మధ్యాన్నానికి ఆటోలో ఏసుకొస్తా," అన్నాడు బండలాయన.

"సరే పో. బండలే ఎయ్యి. కింది అంతస్తు నీది, పైది ఎవురెవురిదో పేర్లు నాకి రాసియ్యి. పన్నెండని ఇంగొకసారి నాతో అనొద్దు."

బండలాయన చేతులు జోడించాడు. ఒక మనిషి తన చిన్నతనాన్ని పదిమందిలో ఒప్పుకుని పెద్దవాడయ్యాడని, నా కళ్లు చెమర్చాయని ఇక్కడ రాయాలి. రాద్దామనే అనుకున్నాను గానీ, ఆ నిమిషంలోనే చైర్మన్ "ముగ్గురు కలిసి ఇస్తాండారు గదా, రేటు తగ్గించు" అన్నాడు, బండలాయన "అట్లయితే పన్నెండే ఉన్నాయనుకోండి" అన్నాడు, ఇద్దరూ అరగంట కొట్లాడుకున్నారు. నా కళ్లు ఆరిపోయాయి.

ఇప్పుడు రూల్ బుక్కులు మారాయి. ఈపీడీలకు గడులు వచ్చాయి. మీ బల్లల మీదకు రోజుకు నాలుగు వస్తుంటాయి. వచ్చినప్పుడు ఆకు బొమ్మ చూడకండి. ఏ ఫ్యాక్టరీ, ఏ ఊరి కరెంటు, ఏ ప్రాంతానికి చెల్లుతుందో అది చూడండి. మీ చేతిలో ఉన్న సరుకు అక్కడిదేనా అని పెట్టె తిప్పి చూడండి. ఇదేమీ జ్ఞానోదయం కాదు, చదవడం.

లైబ్రరీ పూర్తయింది. బండలు ఆ ముగ్గురివే పరిచారు. బండలాయన షెడ్డులో రెండో మిషను కూడా లేచిందని తెలిసింది. సర్టిఫికెట్ వచ్చింది గానీ ప్రారంభోత్సవానికి రాలేదు. దగ్గరి ప్రాంతపు సరుకు మార్కు కోసం పంపిన వేబిల్లులు వెనక్కి తిరిగొచ్చాయి. అవి కార్బన్ కాపీలు. కర్నూలు ఎండకు సైటు ఆఫీసు రేకుల కింద అక్షరాలు చెరిగిపోయి ఒట్టి గులాబీరంగు కాగితాలు మిగిలాయి. మళ్లీ బేతంచెర్ల పోయి నకళ్లు తెచ్చాను. కాబట్టి, సరుకు దిగిన రోజే వేబిల్లు జిరాక్సు తీయించండి. వెనక వైపు కూడా తీయించండి, చెక్‌పోస్టు ముద్ర అక్కడే వేస్తారు.